ఒంటి జోడు

ఈ ఆలోచన ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే
నాన్న గోడకి ఆనించిన కర్ర వైపు చూసి
ఆలోచనేం రాలేదు,
మంచం కింద చోటు అయిపోయింది, అంటాడు.

కాకాన్ బొగ్గు గనిలో, మూడో షిఫ్టులో
నాన్న ఎడమకాలు తొడ దాకా పోయింది.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు
అమ్మ గుమ్మం పక్కన జోళ్ళు రెండూ తుడిచి పెట్టింది,
అలవాటు చొప్పున.
ఇద్దరూ వాటినే చూశారు.
బురెక్ చల్లారిపోతోందని
ఎవరో ఒకరు అన్నారు. నేనే కావచ్చు.

కట్టుడు కాలు ఇచ్చారు.
అది రెండు నెలలు పుళ్ళు చేసి
అలమర ఎక్కి కూర్చుంది.

కొట్టువాడు కుడిది ఒక్కటే ఇవ్వనన్నాడు.
జతంటే జతే.
ఏడాదికి రెండు, మంచు ముదిరితే ఇంకొకటి.
కుడివి అరిగాయి, నోళ్ళు తెరిచాయి, బురద తిన్నాయి.
ఎడమవి మంచం కింద
ముహూర్తం దాటినా వడ్డన మొదలవని పెళ్ళివారిలా
కొత్త తోలు వాసనతో
వరసగా కూర్చున్నాయి.

అమ్మకి ఇలాంటి పోలికలు నచ్చవు.
ఒక వసంతంలో ఇల్లు దులుపుతుంటే
చీపురు లోపలికి పోలేదు.
ఒక్కొక్కటే బయటికి లాగింది. పందొమ్మిది.
పిండి సంచి చింపి, వెనక్కి తిప్పి
ధరలన్నీ కూడింది.
మా డబ్బు పేరు మార్కు.
ఆ లెక్కలో నాన్నకి ఎప్పుడూ సగం మార్కులే.
"లేని కాలికి అద్దె కడుతున్నావు, మెవ్లూదిన్" అంది.
నాన్న నవ్వాడు.
ఆ కాలు గురించి ఆయన నవ్వడం
అదే మొదటిసారి.

ఆ తర్వాత అమ్మ
వ్యాయామ చికిత్స వార్డు వరండాలో
బెంచీ బెంచీకీ తిరిగింది.
అందరూ అడిగేది ఏ కాలు పోయిందని.
అమ్మ అడిగింది, ఏ కాలు ఉందని.

అలా దొరికాడు దొబోయ్ ఊరి జీవ్‌కో.
రైల్వే మనిషి, బోగీల మధ్య కుడికాలు వదిలేసినవాడు.
సైజు నలభై మూడు!
అమ్మ ఆ అంకెని
చీటీ తగిలినదానిలా రెండుసార్లు పలికింది.
ఒకప్పుడు ఆ ఊరికీ మా ఊరికీ మధ్య
ఫోను కూడా కలిసేది కాదు.
ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.
గొడవంతా రంగు దగ్గరే.
నాన్నకి నలుపు, గుండ్రని ముక్కు.
జీవ్‌కోకి గోధుమరంగు, మొనదేలినది,
అరవయ్యో ఏట కూడా డాన్సుకి వెళ్ళేవాడిలా.
మూడు వారాలు ఫోనులో పోట్లాడుకున్నారు.
బిల్లు చూసి అమ్మ తీర్పు చెప్పింది:
ఒక జత ఇది, ఒక జత అది.

గడియారాలు బాగుచేసే హుస్నియా కొట్టులో
సగం గది అద్దెకి తీసుకున్నాం.
బోర్డు నేనే రాశాను, అక్షరాలు కొంచెం కిందికి జారాయి.
మొదటి నెల ఎవరూ రాలేదు.
రెండో నెల ఒక పెద్దావిడ వచ్చింది,
రెండు కాళ్ళూ ఉన్నావిడ.
తలుపు మూసి, గొంతు తగ్గించి,
దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది:
చిన్నప్పటి జ్వరం వల్ల ఒక పాదం ముప్పై అయిదు,
ఒకటి ముప్పై ఎనిమిది;
యాభై ఏళ్ళుగా రెండేసి జతలు కొంటున్నానని,
ఈ సంగతి మొగుడికి కూడా తెలీదని.
హుస్నియా తన గడియారంలోకి తల దించుకున్నాడు.
ఆవిడ లాంటివాళ్ళు ఎంతమందో
మాకప్పుడే తెలిసింది.

జీవ్‌కో బస్సులో వచ్చిన రోజు
ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టి
అమ్మ మోకాళ్ళ మీద వంగింది.
బడి తెరిచే ముందు నాకు చేసినట్టే
ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కి
"లేవండి, నడవండి" అంది.
ఒకరి భుజం ఒకరు పట్టుకుని
తలుపు దాకా వెళ్ళారు,
ఒకే జత గోధుమరంగు జోళ్ళు
ఎడమా కుడీ, ఎడమా కుడీ.

"ఈ రంగు నాకిప్పటికీ నచ్చలేదు"
అన్నాడు నాన్న, తలుపు దగ్గర నిలబడి.

ఖాతా పుస్తకం మొదటి పేజీ ఇంకా ఉంది, అమ్మ చేతిరాతలో:
జత ఒకటి. మనుషులు ఇద్దరు. చెరి సగం.
కింద పెన్సిలుతో, తర్వాతెప్పుడో,
జీవ్‌కో బస్సు చార్జీ మనమే ఇచ్చాం.