పైడిరాజు బిగించిన తీగ

పాయకరావుపేట దాటాక
ఎర్రగా చిన్న దీపం వెలిగింది.
వోల్టేజి తక్కువ, అంటుంది. అంతకు మించి ఏమీ చెప్పదు.
మొదట దాన్ని వేలితో తట్టాను,
ఇంట్లో ట్యూబులైటును తట్టినట్టు.

అమ్మీటరు ముల్లు ఎడమకు వాలి ఉంది.
ఆల్టర్నేటరు స్విచ్చి ఆపి, పది లెక్కపెట్టి, వేశాను.
ఇంకోసారి.
పక్క సీట్లో పైడిరాజు
సముద్రం చూడటం మానేశాడు.

మిగిలింది బ్యాటరీ.
అరగంట వస్తుందంటుంది పుస్తకం.
పుస్తకం రాసిననాటికి బ్యాటరీ కొత్తది.

కోత మొదలుపెట్టాను.
కరెంటు కోతల్లో పదో తరగతి పాసైనదాన్ని,
నాకు రాని విద్యా ఇది?
ఇన్వర్టరు బీప్‌మనగానే అమ్మ
ఫ్రిజ్జు ఆపి, టీవీ పీకి,
లెక్కలు చేసే బల్లమీద ఒక్క బల్బు ఉంచేది.
రెక్కల చివర మిణుకుమనేవి: ఆపు.
రెండో రేడియో: ఆపు.
దారి చూపే తెర కూడా.
దారి నాకు తెలుసు,
ఎడమన నేల, కుడిన నీళ్ళు,
మధ్యలో నురగ గీసిన తెల్లగీత.

ఒక్క రేడియో ఉంచుకుని టవరుకు చెప్పాను.
మాకు కరెంటు పోతోంది,
మాట ఆగినా వస్తూనే ఉంటాం, దీపం చూపించండి.
"అర్థమైంది. విమానంలో ఎంతమం..."
ఇద్దరం, అన్నాను.
వెళ్ళిందో లేదో.
చెవుల్లో గరగర కూడా లేదు.

పూడిమడక దగ్గర పెట్రోలు ముళ్ళు రెండూ
సున్నాకు కూలబడ్డాయి.
అబద్ధం. బయల్దేరేముందు ట్యాంకుల్లో కర్ర ముంచి
తడి ఎంతవరకో నేనే చూశాను.
అబద్ధమని తెలిసీ
అటే పోతోంది చూపు.

ఇంజను మాత్రం ఆగలేదు.
"మాగ్నెటోకి ఎవుడి కరెంటూ అక్కర్నేదమ్మా,
దాని నిప్పు అదే పుట్టిచ్చుకుంటాది."
ఆటోనగర్‌లో పన్నెండేళ్ళు డైనమోలు చుట్టిన చేతులు
ఒళ్ళో పెట్టుకుని అన్నాడు.
కాసేపాగి,
నా వైపు చూడకుండా,
"మంగళారం ఆ తీగ బిగించింది నానే."

ఆ మాటకు జవాబు వెతికే తీరిక లేదు.
ఫోను టార్చి వెయ్యి, ఎత్తు ముల్లు మీద పట్టు, అన్నాను.
పట్టాడు.
ముల్లు నిలకడగా ఉంది.
వెలుగే వణుకుతోంది.

చీకటి పడింది.
ఉక్కు ఫ్యాక్టరీ మీద మబ్బు కింద ఎరుపు,
రిఫైనరీ గొట్టం కొసన మంట,
లంగరేసిన ఓడలు పెళ్ళిపందిళ్ళలా,
డాల్ఫిన్ నోస్ మీద దీపస్తంభం తిప్పుతున్న కన్ను.
ఊరంతా కరెంటే,
ఈ ఊళ్ళో అది లేనిది మా ఇద్దరికే.

టవరు గాజు వెనక
ఒక ఆకుపచ్చ చుక్క.
మిణుకుమనలేదు. నిలబడింది.
దిగమని.
అర్థమైందని చెప్పడానికి గొంతు లేదు,
రెక్కలు అటూ ఇటూ ఊపాను.

ఫ్లాపులూ కరెంటువే, దిగవు.
వేగం ఎక్కువ, నేల చప్పిడిగా, నల్లగా,
రన్‌వే అంచు దీపాలు రెండు పూసలదండలై విచ్చుకుంటుంటే
వాటి మధ్య చీకట్లోకి దించాను.
చివర్లో రెక్కలోని బూర సన్నగా ఏడ్చింది.
అది గాలితో మోగేది, దానికీ కరెంటు అక్కర్లేదు.
చక్రాలు ఒకసారి తాకి, లేచి,
మళ్ళీ తాకి, ఉండిపోయాయి.

మూత విప్పి చూశాడు పైడిరాజు.
తీగ తెగింది అతను బిగించిన చోట కాదు,
బెత్తెడు అవతల, తొడుగు లోపల.
రాగి పచ్చబడిపోయి ఉంది.
ఉప్పుగాలి, అన్నాను.
"అయితే మాత్రం, నాను సూడాల గదా."
ఆ ముక్క కత్తిరించి జేబులో వేసుకున్నాడు.
ఎందుకని అడగలేదు.

రాత్రి స్కూటరు మీద అతన్ని దింపడానికి వెళ్తుంటే
గాజువాక సిగ్నల్లో ఆకుపచ్చ పడింది.
నా చేతులు వాటంతటవే
హ్యాండిలు అటూ ఇటూ ఊపాయి.
వెనక లారీ హారను.
"ఏటమ్మా?" అన్నాడు పైడిరాజు.
ఏమీ లేదు, గట్టిగా పట్టుకో, అన్నాను.