నిలువు గీత, చుక్క

గుణుపురంలో మూడో పీరియడు అంటే
నౌపడా రైలు కూతేసి పోయాక మిగిలే నిశ్శబ్దం.
ఫార్మసీ మొదటి సంవత్సరం. నలభై ఒక్క మంది.
తెల్లకోట్ల జేబుల మీద ఇంకు మరకలు.

నిన్న దిద్దిన రికార్డుల్లో
నిరుపమ సాహు వాక్యం చివర చుక్క పెట్టలేదు.
ఒడియా బడిలో పదేళ్ళు గీసిన గీతే గీసింది,
నిటారుగా, పందిరి గుంజలా.
డోసు అయిదు అని అంకె వేసి, పక్కనే ఆ గీత.
నేను చదివాను: యాభై ఒకటి.

ఎర్రకలం కాసేపు కదల్లేదు.
ఇన్నేళ్ళూ వ్యాకరణమంటే మర్యాద అనుకున్నాను,
బంతిలో ఎవరి విస్తరి ముందు వెయ్యాలి లాంటిది.
కాదు.
ఇది ముక్కూమొహం తెలియని ఎవరివో మూత్రపిండాలు.

బోర్డు మీద చుక్క పెడితే సుద్దముక్క విరిగింది.
"ఇది ఫుల్‌స్టాప్. అంకెల మధ్యకి వస్తే దశాంశం.
ముందు సున్నా లేకుండా ఒంటరిగా వదిలేస్తే
కాంపౌండరు ఈగరెట్ట అనుకుంటాడు."
వెనక బెంచీ నవ్వింది.
నవ్వనీ, నవ్విందే గుర్తుంటుంది.

ఆర్టికల్స్ దగ్గర సిగ్గు నాదే.
ఒడియావాళ్ళు మాట తోకకి 'టా' తగిలిస్తారు,
ఇంగ్లీషువాళ్ళు తలకి 'ది' కడతారు,
నా తెలుగుకి ఈ విషయంలో తలా లేదు, తోకా లేదు.
"ది వాటర్ అంటే ఏ నీళ్ళు సార్?
వంశధారవా, డిస్టిల్డా?" దండాసి అడిగాడు.
ముందు చెప్పుకున్న నీళ్ళు, అన్నాను.
"ముందు ఎవరూ చెప్పలేదు కద సార్."
చూస్తే నిజమే. మెథడ్స్‌లో ఒక వాక్యమే ఎగిరిపోయింది.
నేనే రాయించిన నోట్సు అది.

ఇక పాసివ్ వాయిస్.
పొడి తూచబడింది. ద్రావణం వడగట్టబడింది.
మా అమ్మ వంటింట్లో ఏనాడూ ఏదీ వడగట్టబడలేదు,
ఆవిడే వడగట్టింది, చీరకొంగుతో, చెయ్యి కాల్చుకుంటూ.
నిరుపమ మాత్రం చకచకా రాసేస్తోంది.
వాళ్ళకి 'కరాగలా' ఉంది, నోట్లో నలిగిన మాట.
మనకి 'బడు' అంటే ఇంకా కిందపడ్డమే.

బుధవారం ల్యాబులో అయిదొందల ఎమ్మెల్ బీకరు పోయింది.
దండాసి రికార్డులో: ది బీకర్ వాజ్ బ్రోకెన్.
తప్పు లేదు. వేలెత్తి చూపడానికి మనిషీ లేడు.
అటెండరు కామయ్య చీపురు తెస్తూ
"పగిలిపోనాది సార్" అన్నాడు.
మన భాష ఇంకా గడుసుది, దానికి 'బడు' కూడా అక్కర్లేదు,
గాజే విసుగెత్తి తెగించినట్టు చెప్పేస్తుంది.

అప్పుడు సులోమి గమాంగో లేచింది.
పుట్టాసింగి పైన కొండమీది ఊరు.
ఇంట్లో సొర, బడిలో ఒడియా, సంతలో తెలుగు,
వాటన్నిటి మీదా ఇప్పుడు నేను మోపిన ఈ నాలుగోది.
మూడు నెలల్లో నేను విన్న ఆమె మొదటి పూర్తి వాక్యం:
ఐ బ్రోక్ ఇట్.

వేలికి దూది. రిజిస్టర్లో నూట ఎనభై రూపాయలు.
నేను జేబులో చెయ్యి పెడుతుంటే
"నో సార్" అంది. అదీ వాక్యమే.

సాయంత్రం ఆమె రికార్డు తీశాను.
మాటలు మూడే, అలాగే, పేజీ మధ్యలో.
అకడమిక్ రైటింగులో 'నేను' ఉండకూడదని
సిలబస్‌లో రాసింది నేనే.
ఎర్రకలం మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.
వాక్యం చివర గీత లేదు, చుక్కా లేదు.
ఆ ఒక్కటీ పెట్టాను,
ఆమె రాసిన నీలం రంగు ఇంకుతోనే.