తుక్కురాయి

పిల్ల ఫోనులో ఒకావిడ
ఇరవై సెకన్లు ఎగురుతుంది, పది సెకన్లు ఆగుతుంది.
మళ్లీ ఎగురుతుంది.
చెమట కూడా అందంగా పడుతుంది ఆవిడకి.
"అమ్మా, మొత్తం నాలుగు నిమిషాలేనే,
నీ గ్రైండరు తిరిగేలోపు అయిపోద్ది" అంటుంది హిమజ.

నిజమే. నాలుగు నిమిషాలు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి.
మినప్పప్పు నురగ కట్టేలోపు,
కుక్కరు మూడో కూత వేసేలోపు,
చీమకుర్తి రోడ్డు మీద బండల లారీలు
ఒకదాని వెనక ఒకటి పోయి, దుమ్ము కాస్త అణిగేలోపు.

మొదటిరోజు కుచ్చిళ్లు బొడ్లో దోపి ఎగిరాను.
రెండో విడతకే గుండె గొంతులోకొచ్చి కూర్చుంది.
పది సెకన్లంటే ఇంత చిన్నవా అని
నలభై మూడేళ్లకి తెలిసింది.
మూడో విడతలో, కింద వాటా ఖాజాబీ
చీపురుకర్రతో శ్లాబు పొడిచింది:
"పెంచలక్కా, మా ఫ్యాను ఊగతా ఉంది!
క్వారీలో పేలుళ్లు చాల్లేదా?"

మంచం మీంచి ఆయన నవ్వాడు.
నెలల తరవాత.
ఆ నవ్వు కోసం ఇంకో వారం ఎగిరాను,
నాలుగు మడతల బొంత మీద, దొంగలాగా.

మా తమ్ముడు మాల్యాద్రి పాలిషింగ్ యూనిట్లోంచి
స్కూటరు ముందు పెట్టుకొని రెండు తుక్కురాళ్లు తెచ్చాడు.
అంచు విరిగి ఎగుమతికి పనికిరానివి.
నల్లటి రాయి, లోపల బంగారు నలకలు.
"ఇది ఎనిమిది కిలోలు, ఇది పన్నెండు.
ఆ గంతులాపి ఇవెత్తు అక్కా, ఎముకకి బలం."
పిండి తూచే కాటాలో వేసి చూశా.
ఏడున్నర, పన్నెండుంబావు.
వాడి లెక్క ఎప్పుడూ అంతే.

గంతులు గుండెకి మంచివంట, షుగరుకి మంచివంట.
బరువులు ఎముకకి మంచివంట, అవీ షుగరుకి మంచివేనంట.
ఒంగోలు డాక్టరమ్మ రెండూ చెయ్యమంది.
రెండూ చేసే మనిషికి
పిండి ప్యాకెట్లు ఎవరు కడతారో చెప్పలా.

ఎగిరితే ఆవిరైపోతాను, అదొక సుఖం.
ఆ కాసేపూ ఫైనాన్సు కుర్రాడు గుర్తుకురాడు.
రాయెత్తితే అన్నీ గుర్తుకొస్తాయి,
వాయిదా తేదీతో సహా.

మొన్న ఆషాఢంలో ఓ రాత్రి కరెంటు పోయింది.
బాత్రూము గడప దగ్గర ఆయన జారాడు.
బండ తగిలిన నడుము, తడి గచ్చు.
చంకల కింద చేతులేసి లాగాను. కదల్లా.
పద్నాలుగేళ్లు కృష్ణపట్నం రేవుకి
ఇళ్లంత బండల్ని తోలిన మనిషి
ఇప్పుడు అరవై నాలుగు కిలోలు.
ఖాజాబీని కేకేశాను, వాళ్లాయన్ని,
ఎదురింటి కుర్రాళ్లిద్దర్ని.
సెల్‌ఫోన్ల వెలుగులో నలుగురూ ఎత్తుతున్నంతసేపూ
ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.
లుంగీ సర్ది, నేను గోడవైపు చూశాను.

తెల్లారి మంచం కింద తోసేసిన రాళ్లు బయటికి తీశాను.
దుమ్ము తుడిచాను.

ఇప్పుడు గ్రైండరు తిరుగుతుంటే
ఏడున్నర గుండెకి ఆనించుకుని
పీట మీద కూర్చుంటా, లేస్తా. కూర్చుంటా, లేస్తా.
లెక్క ఆయనది.
ఎనిమిది దగ్గర కావాలనే తప్పుతాడు,
మళ్లీ ఏడంటాడు.
తిట్టడానికి ఊపిరి ఉండదని తెలుసు.

"పన్నెండుంబావు ఎప్పుడే?" అంటాడు.
దసరాకి.
"అరవై నాలుగో?"
దానికి నేను మాట్లాడను.
ఆయన ఆ పూట అన్నం మాత్రం తగ్గించి తింటాడు,
చూసి మళ్లీ వడ్డిస్తాను.

మధ్యాన్నం క్వారీలో పేలింది.
గిన్నెల స్టాండు గలగలమంది.
కింద నించి ఖాజాబీ గొంతు:
"ఈసారి నువ్వు కాదుగా అక్కా?"

నవ్వొచ్చినా రాయి దించలేదు.
ఆయన తొమ్మిది అన్నాడు.