నల్లావు

పొద్దుగాల తూము కాడికి పోయి
నీటి మట్టం రాసుడు నా నౌకరి.
లష్కరు మామిండ్ల ఐలోని,
ఊటవెల్లి చెరువు, నర్సంపేట తాలూకా.
ముప్పై రెండేండ్లు అడుగులు, అంగుళాలు రాసిన.
గేజు రాతికి అందనిది ఇదొక్కటే.

ఫస్లీ పదమూడు వందల నలభై తొమ్మిది.
కార్తీకం ఎల్లిపోయే రోజులు.
అద్దరికి బండి బాట లేదు,
అడివి, వాగులు, జంగ్లాతోళ్ల నాకా.
సరుకంతా నీళ్ల మీదనే పోయేది
నల్లావు కడుపుల.

నల్లావంటే పడవ.
మద్దిచెక్క, తారు పూత, సూడావు లెక్క పొట్ట,
ముక్కుకు ఇత్తడి గంట.
పోయేటప్పుడు ఉప్పు, గ్యాసునూనె, గొంగళ్లు.
వచ్చేటప్పుడు ఇప్పపువ్వు, చింతపండు, మైనం,
ఒక్కోపారి నొప్పులు పడుతున్న ఆడిమనిషి.

ఆ దినం అరవై బస్తాల ఉప్పు.
చుక్కాని కాడ పిట్టల ఓదెలు,
గడ మీద ఈసం పొట్టయ్య,
కరోడ్గిరి మున్షీ దస్తగీరు
చిట్టీలు తడవొద్దని గొడుగిప్పుకొని కూసున్నడట.
ఇంకొక మేకపిల్ల.
మనుషుల పేర్లు దొరికినయి గని
మేక ఎవలదో ఇంతదాక తేలలేదు.

దొడ్డిగుట్ట మలుపు దాక చూసినోళ్లున్నరు.
ఆడ మంచు దిగింది.
గంట మోగింది,
మోగింది,
ఇగ మోగలే.
గాలి లేదు, అల లేదు, కేక లేదు.
అద్దరి గూడెంల ఉప్పు కోసం ఆగిన కూరలు
పొయ్యి దిగినయి, ఎక్కినయి, మళ్ల దిగినయి.

తప్పిపోయిన ఆవును గంట పట్టిస్తది.
ఎనిమిది దినాలు వలలేసిన్రు, చెవులు నీళ్లకు ఆనిచ్చిన్రు.
ఒక్క పలక తేలలే.
ఒక్క గోనె దారం.

ఆ ఏడు చేపల పులుసుల ఉప్పే ఎయ్యలేదని
ఇప్పటికీ చెప్పుకుంటరు.
నేను లెక్క కట్టి చూసిన.
నిండిన ఊటవెల్లిల అరవై బస్తాలంటే
బాయిల పడ్డ ఒక కన్నీటి బొట్టంత.

సర్కారు గూడ లెక్క కట్టింది.
ఇద్దరిల బయలెల్లినట్టు ముద్ర ఉన్నది,
అద్దరిల దిగినట్టు ముద్ర లేదు,
సుంకం ఎవలిస్తరు?
ఓదెలు పెండ్లాం కనకలచ్చి
కాళ్ల కడియాలమ్మి కట్టింది.

ఉప్పమ్ముకొని పారిపోయిండన్నరు.
సిరొంచ అంగట్ల గాజులమ్ముతుంటే
కండ్లార చూసినమన్నరు.
ఆమె కొట్లాడలే.
"దొంగనే అనుండ్రి," అన్నదట,
"దొంగైతే బతికున్నట్టే గదా."
సిరొంచ దిక్కు నుంచి ఎవలొచ్చినా
పిలిచి మంచినీళ్లిచ్చేది.

నేను కొలువుల చేరిన ఆరో ఏడు
చెరువు అడుగంటింది.
గేజు రాయి మీద సున్న రాసిన, చెయ్యి వణికింది.
ఊరంతా నెర్రెల మీద నడుచుకుంట పోయింది.
కడవ పెంకులు దొరికినయి,
దుప్పి కొమ్ము, బండి కమ్మి,
ఎవలదో పిల్లల వెండి మొలతాడు.
నల్లావు మేకు ఒక్కటి లేదు.

కనకలచ్చి కట్టె పొడుసుకుంట
నడి చెరువు దాక వచ్చింది.
వంగి, చిటికెడు మట్టి తీసి
నాలిక మీద పెట్టుకున్నది.
సేపు చప్పరించింది.
"సప్పగున్నది," అన్నది.

మొకం ఎట్ల ఎలిగిందో!
ఉప్పు నీళ్లల్ల పడలేదు,
పడవ మునగలేదు,
మనిషి యాడనో గాజులమ్ముకుంట ఉన్నడు.
లెక్క నాకెరుకే.
నోరు తెరవలే.
ఆ రాత్రి కూరల ఉప్పు కసం చేసి
నవ్విందట, కోడలు చెప్పింది.

పాత కచేరి కూలగొట్టేనాడు
చెదలు తిన్న దఫ్తరొకటి నా చేతికొచ్చింది.
అరవై బస్తాలకెదురుగ, ఉర్దూల, ఒక్కటే మాట,
మౌల్వీ సాబుతోని చదివించుకున్న:
'తొవ్వల ఉన్నది'.
కొట్టేసినోడు లేడు.

నా ఆఖరి దినం
పద్దెనిమిదడుగుల నాలుగంగుళాలు, పలుచటి మంచు.
పక్క గడిల ఏమన్న రాయమన్నడు ఏఈ సారు.
శానసేపు కలం పట్టుకొని నిలబడి
రాసిన:
మేక ఎవలదో కనుక్కోవాలె.