చిల్లర బాకీ

గురువారం ఐదు గంటలు
ఇప్పుడు ఉత్త ఐదు గంటలే.

బాలాజీ కాలనీలో మందుల షాపు మీద గది.
పదకొండు మెట్లు, మూడోది విరిగింది.
ఖాకీ చొక్కా విప్పి సంచిలో కుక్కుకొని
రెండేండ్లు ఎక్కినాను.
డిపోలో ఎవురన్నా అడిగితే పంటి డాక్టరని చెప్పినాను.
ఆ లెక్కన నా నోట్లో
ముప్పై రెండూ బాగుపడి ఉండాల.

ఆఖరి రోజు వకుళ మేడం
"ఎట్లుంది ధనకోటీ, ఇది ఆఖరుదని తెలిసి కూచోడం?" అనింది.
"బాగుండాది" అన్నాను.
అబద్ధమని ఆమెకి తెలుసు.
ఫ్యాను తిరగతా ఉన్నింది.

తర్వాత ఒక నెల
చెప్పాల్సినవన్నీ దాచిపెట్టుకున్నాను.
కాశిపెంట్లలో ఎక్కిన ముసలాయన
అచ్చం మా తమ్ముడి మాదిరే ఈల వేసినాడని,
ఈసారి కలలో లారీ రాలేదని,
రోడ్డు మాత్రం ఉన్నిందని,
అమ్మ మీద అరిచి, అరిచినందుకు అన్నం మానలేదని.
గురువారం వచ్చింది. పొయ్యింది.
తోలుసంచిలో రూపాయి బిళ్లల మాదిరి అవన్నీ
బరువుగా, చప్పుడు చేస్తా, దేనికీ చాలకుండా.

బాగయ్యిందా అంటే ఏం చెప్పేది?
పూతలపట్టు టర్నింగులో ఇప్పటికీ కండ్లు మూసుకుంటాను.
అప్పట్లో చంద్రగిరి దాకా తెరిచేదాన్ని కాదు.
ఇప్పుడు నాలుగు లెక్కబెట్టి తెరుస్తాను.
ఎవురో ఒకరికి టికెట్టు కొట్టాల గదా.

మొన్న తిరుపతి బస్టాండు బయట ఆమెనే చూసినాను,
మామిడికాయ ముక్కు దగ్గర పెట్టుకొని
బేరమాడతా ఉంది. గట్టిగానే.
పిలిస్తే ఏమని పిలిచేది?
అక్క కాదు, స్నేహితురాలు కాదు,
నా ఏడుపంతా తెలిసిన మనిషికి
తెలుగులో ఏ వరసా లేదు.
ఆమె తలెత్తింది. నేను నవ్వినానో లేదో.
రైట్ రైట్ అని అరిచినాను.

ఈ పొద్దు వెనక సీట్లో ఒక కాలేజీ పిల్లోడు
కిటికీకి తల ఆనించి ఏడస్తా ఉన్నాడు.
నూర్రూపాయల నోటిచ్చినాడు. చిల్లర లేదు.
టికెట్టు వెనక పదిహేను అని రాసి
పక్కన ఖాళీ ఉంటే కూచున్నాను.
ఏమైందని అడగలేదు.
రెండు స్టాపులు అట్నే పోయినాయి.

చంద్రగిరిలో చిల్లర అడక్కుండా దిగేసినాడు.
మెట్టు మీంచి వంగి పిలిచినాను,
"అబ్బోడా, నీ పదిహేను రూపాయలు!"
తిరిగి చూసినాడు,
ఏ పదిహేను అన్నట్టు.