తరుగు

లాలాపేట సందులో ఖాసింపీరా కొట్టు.
బోర్డు మీద తుపాకీ బొమ్మ రంగు రాలి
తాళంచెవిలా కనిపిస్తుంది.
కలెక్టరాఫీసు చుట్టూ పధ్నాలుగు నెలలు తిప్పించిన కాగితం
నా జేబులో చెమటకి మెత్తబడింది.
గోనెపట్టా మీద మూడు పిస్తోళ్ళు పరిచాడు.
మూడూ మూతిలోంచి మందు పోసుకునేవే.

మందు అన్నానని మా ఆవిడ ఒకపూట మాట్లాడలేదు.
నల్లగా ఉంటుందంటే
"నల్లమందా!" అని పక్కింటావిడ నోరు నొక్కుకుంది.
బొగ్గూ గంధకం సురేకారమమ్మా, దీపావళి సరుకే,
అంటే గానీ కాఫీ రాలేదు.

నల్లపాడు అవతల పాడుబడ్డ క్వారీలో
నెలకో ఆదివారం పాత పద్ధతి పోటీ.
కంటి డాక్టరు విశాలాక్షి గారు కొడతారు,
రిటైరైన రేంజరు ఇమ్మానుయేలు కొడతాడు.
నేను మొదట మంచినీళ్ళ క్యాను దింపడానికి వెళ్ళాను.
అక్కడ విన్న నియమం నిద్రపోనివ్వలేదు:
అరగంటలో పదమూడు గుళ్ళు.
లెక్కకి పదే.
చెత్తవి మూడు తీసేస్తారు.

తీసేయడం నాకు తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్ళు మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
తేమకని కొంత, గోతానికని కొంత,
ఎందుకో చెప్పనిది ఇంకొంత.
రైతు తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని తుమ్ముతున్నప్పుడు
కాటా దండెకి ఆనిన బొటనవేలు
నాదే.

"మొదటిది చూడండి సార్."
వెండితీగల లతలు, పిడి మీద నెమలి.
పెళ్ళికొడుకు నడుముకి బావుంటుంది.
నెమలి గురి చూడదు కదా,
పక్కకి జరిపాను.

రెండోది టోపీ పిస్తోలు.
చిన్నప్పటి దీపావళి తుపాకీలో బిళ్ళలాగే
సుత్తి పడటం, పేలటం, రెండూ ఒకటే.
ముసురులోనూ మొరాయించదు.
"కొత్తవాళ్ళకి ఇదే ఇస్తాను.
చెయ్యి చేసే తప్పు కొంత దాచేస్తుంది."

దాచేస్తుంది.
ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

మూడోది చెకుముకిది.
నూనె మరకలు, మూతి బరువు.
రాయి ఉక్కుని గీరాలి,
పళ్ళెంలో చిటికెడు మందు భగ్గుమనాలి,
ఆ నిప్పు సూదిబెజ్జంలోంచి లోపలికి పాకాలి,
అప్పుడు గానీ గుండు కదలదు.
మెరుపుకీ మోతకీ మధ్య
రెప్పపాటులో సగం.
అంతసేపూ చెయ్యి ఊరుకోవాలి.
అయిపోయిందనుకుని వదిలేసినా,
తగలాలని కాస్త తోసినా,
ఇరవై అయిదు మీటర్ల అవతల కాగితం
చూసి రాసిపెట్టుకుంటుంది.

"ఇది కష్టం సార్. రాయి మాటిమాటికీ మార్చాలి.
తుపాను రోజుల్లో పళ్ళెం చెమ్మగిల్లుద్ది.
కొట్టి వచ్చాక వేణ్ణీళ్ళతో కడగాలి,
కుళ్ళిన కోడిగుడ్డు కంపు."
ఘాటు గురించి నాకు చెప్పకయ్యా, అన్నాను.

చెయ్యి చాచి, ఎదురుగోడ మీద
పాల డైరీ క్యాలెండర్లో ఎర్రటి ఆదివారం దగ్గర ఆపాను.
వణికింది.
పిడి కింద చిటికెనవేలు చోటు వెతుక్కుంది.
కాసేపటికి బరువు మణికట్టులోంచి భుజానికి దిగి
కూర్చుంది,
మధ్యాహ్నం టిక్కీలకి ఆనుకుని హమాలీ కూర్చున్నట్టు.
బొటనవేలు పిడి పక్కన పడుకుంది,
దేన్నీ నొక్కకుండా.

"ఎంత తూగుద్దంటారు?"
నా సంగతి తెలిసినవాడు, నవ్వుతూ అడిగాడు.
కేజీ నూట ఇరవై, అన్నాను.
పక్క కొట్లోంచి నగల కాటా తెచ్చాడు.
కేజీ నూట పద్దెనిమిది.

"ఆ రెండు గ్రాములూ తరుగులో వేసుకోండి సార్!"

వద్దు ఖాసింపీరా.
ఉన్నదున్నట్టు రాయి,
రసీదులో.