కుట్లు విప్పినదాన్ని

దండీలో మా అమ్మమ్మ గోనెసంచులు కుట్టిన మిల్లు
ఇప్పుడు పబ్బు.
మంగళవారం రాత్రి. ముప్పై ఒక్క మంది, తడి గొడుగులు,
ఒక మైకు, దాని వెనక ఇష్బెల్.

"పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తానని పోస్టర్లో వేశారు.
నాది ఆరు వారాల కిందటే అయింది.
ఇక మీ వంతు."

ముందు వరస నవ్వింది.
నేను వెనకాల, డ్యూటీ బూట్లతోనే,
నవ్వొచ్చో లేదో తేల్చుకోలేక కూర్చున్నాను.
ఆ కుట్లు విప్పింది నేనే.
ఆ రోజు ఒక్క మాటా అనలేదు తను,
గోడ గడియారాన్ని పళ్లతో పట్టుకున్నట్టు చూసింది.

"మా వీధిలో గొయ్యి పడితే కమిటీ వేశారు,
లోతు కొలిచారు, ఫొటో తీశారు,
చుట్టూ పసుప్పచ్చ బోర్డులు పాతారు.
నాకు ఒక్క బోర్డూ లేదు.
మా ఆయన చూసుకోక పడబోయాడు."

"కాన్పుల వార్డు మూసేస్తాం,
అరవై మైళ్ల అవతల ఇంకోటుందిగా, అన్నాడు కౌన్సిలర్ మెకాస్కిల్.
అయ్యా, మీరు కనేది బడ్జెట్టు.
దానికి దారిలో ఉమ్మనీరు పోదు.
మీటింగులో నాకు మూడు నిమిషాలిచ్చారు. తొమ్మిదో నెల.
కుర్చీలోంచి లేవడానికే రెండు పట్టాయి.
మిగిలిన దాంట్లో, మా వైపున్నవాళ్లు చేతులెత్తండి అన్నాను.
అందరూ
చేతులెత్తేశారు."

కోట్ల గుట్ట మీద బుట్టలో ఏడుపు.
"అదుగో, ప్రతిపక్షం లేచింది."
తన చొక్కా మీద రెండు తడి మచ్చలు,
పాత నాణేలంత, తర్వాత సాసర్లంత.
కిందికి చూసుకుంది. దాచుకోలేదు.
"ఈ ఇద్దరు సభ్యుల్ని చూసి నేర్చుకోండి,
ఏడుపు వినబడితే చాలు,
నిధులు విడుదల."

మగ్గాల మోతకి చెవులు పోయిన అమ్మమ్మ
పెదాలు చదివి, అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా నవ్వేది.
నేనూ అంతే ఆలస్యంగా,
కానీ బల్ల మీద గ్లాసు ఒరిగిపోయేంత.

ట్రేలో అర్జీ వచ్చింది, ఒక మూల బీరుకి నానిపోయి.
సిబ్బంది సంతకాలు చేయరాదని మొన్ననే ఉత్తరం అందింది మాకు,
చాలా మర్యాదగా రాశారు.
పెన్ను రాయలేదు. విదిలించాను. మళ్లీ రాయలేదు.
పక్కాయన దగ్గర అడిగి తీసుకున్నాను.

అంతా వెళ్లాక
స్పీకరు పెట్టె ఎత్తబోతూ నన్ను గుర్తుపట్టింది.
"గొయ్యి జోకు ఎక్కువైందా?"
"జోకు సరే. బరువులెత్తొద్దని చెప్పానా లేదా?"
బిడ్డని భుజాన వేసుకుని తను ముందు,
పెట్టె పట్టుకుని నేను వెనక.
మెట్లు ఇరుకు. ఒక్కోటీ లెక్కపెడుతూ దిగింది.